జెర్లిన్ చేతులు, సోఫియా ముఖం

మెదక్ నుంచి వచ్చిన జెర్లిన్ ఏళ్ల తరబడి తెల్లటి హీరోయిన్లకు గొంతు అరువిచ్చి, ఆఖరికి ఒక క్రిస్మస్ టెలిఫిల్ములో తానే హీరోయిన్ అయిన సంగతి పాఠకులు మరిచిపోయి ఉండరు. డైరెక్టర్ ఆనంద్ పాల్ ఛానల్ వాళ్లతో పోట్లాడి ఆమెకు ఆ వేషం ఇప్పించాడు. నాంపల్లి స్టేషను వెనక పాత బంగళాలో షూటింగు. ప్రేమించినవాడి కోసం కొవ్వొత్తి పట్టుకుని చెక్క మెట్లు దిగి వచ్చే చివరి సీను తీస్తున్నప్పుడు, ఆమె మెడ మీద వెనక నుంచి ఎవరిదో చల్లటి ఊపిరి తగిలింది. తిరిగి చూస్తే మెట్ల మీద నరమానవుడు లేడు. ఆ మాట ఎవరికైనా చెబితే వేషం పోతుందేమోనని నోరు మూసుకుంది. షూటింగు ముగిసింది. బతుకులో మొదటిసారి తన గొంతు తన ముఖానికే ఇచ్చుకోవడానికి అబిడ్స్‌లోని డబ్బింగ్ థియేటర్ గుమ్మంలో అడుగుపెట్టింది.

బయట ఎండ చురుక్కుమంటోంది. డిసెంబరు ఎండే అయినా అబిడ్స్‌లో దానికి వేడెక్కువ. రంజాన్ నెల కావడంతో కింద సందులో హోటలు వాళ్లు హలీం డేగ్చీల ముందు నిలబడి పొడవాటి కర్రలతో దంచుతున్నారు. ఆ దబదబ చప్పుడు మెట్ల పొడుగునా జెర్లిన్ వెంట వచ్చింది. థియేటరుకు రెండు తలుపులు. మొదటిది మూసుకుంటే చప్పుడు సన్నబడింది. రెండోది మూసుకుంటే తెగిపోయింది. ఎప్పుడూ అంతే. ఆ గదిలో గోడలకు మందపాటి గుడ్డ బిగించి ఉంటుంది. మాట్లాడితే మన మాట మనకే ఎవరో చెవిలో చెప్పినట్టు వినపడుతుంది.

"పెంటన్నా, షురూ చేద్దామా?" అంది జెర్లిన్ నవ్వుతూ.

అద్దం అవతల గదిలో సౌండ్ రికార్డిస్టు పెంటయ్య తల ఎత్తలేదు. జెర్లిన్ ఈ మైకు ముందు మొదటిసారి వణుక్కుంటూ నిలబడ్డ రోజు, "బుగులు పడకు బిడ్డా, ఇది మైకు, మొసలి కాదు" అని నవ్వించిన మనిషి ఆయన. ఇవాళ మీటల మీదే చూపు పెట్టుకుని, "టేపు ఏస్తున్నమ్మా. సూసినంక మాట్లాడదాం" అన్నాడు.

"ఏందన్నా, పానం బాగలేదా?"

"బాగనే ఉన్న."

జెర్లిన్ పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ ఆమె మనసు నేల మీద లేదు. తల్లి మేరమ్మ చర్చిలో ప్రతి పిల్లకూ పెద్దకూ చెప్పుకొచ్చింది. క్రిస్మస్ ముందురోజు పాస్టరుగారింట్లో టీవీ ముందు సంఘమంతా కూర్చుని చూడాలని ఏర్పాటు. "మా జెర్లిన్ ఆయాగా కాదు, పాటల గుంపుల ఎనక వరుసల కాదు, నడుమ నిలబడ్డది" అని మేరమ్మ చెబుతుంటే, వినే ఆడవాళ్ల కళ్లు చెమర్చాయట. ఏటేటా టీవీలో వచ్చే క్రిస్మస్ ప్రేమకథల్లో దూది మంచు ఉంటుంది, కేకు ఉంటుంది, తెల్ల గౌనులో పాలరంగు పిల్ల ఉంటుంది. చర్చి బెంచీల మీద నిజంగా కూర్చునే మనుషుల రంగు మాత్రం వంటగది దాటి రాలేదు. ఈ ఏడు వస్తోంది.

దీపాలు ఆరాయి. తెర వెలిగింది.

చెక్క మెట్లు. పైమెట్టు మీద రెండు నల్లటి పాదాలు. అవి తనవే. ఆ పాదాలకు తల్లి పెళ్లినాటి మీగడరంగు చీర కుచ్చిళ్లు తగులుతున్నాయి. కెమెరా నెమ్మదిగా పైకి లేచింది. కొవ్వొత్తి పట్టుకున్న రెండు చేతులు కనపడ్డాయి. ఎడమ మణికట్టు మీద చిన్నప్పుడు కిరసనాయిలు స్టవ్వు అంటుకున్నప్పటి మచ్చ. మేకప్పుతో కప్పుదామంటే, "ఉండనియ్యి, మనుషులకు మచ్చలుంటయి" అన్నాడు ఆనంద్ పాల్. జెర్లిన్‌కు నవ్వొచ్చింది. కెమెరా ఇంకా పైకి వెళ్లింది. భుజం మీదుగా ముందుకు పడ్డ తన జడ. నల్లటి మెడ.

మెడ పైన ముఖం తెల్లగా ఉంది.

జెర్లిన్ కళ్లు నులుముకుంది. గుండ్రటి ముఖం, ఎడమ బుగ్గ మీద సొట్ట. ఆ ముఖాన్ని ఆమె రోజూ చూస్తూనే ఉంది. అబిడ్స్ సర్కిల్లో చీరల దుకాణం మీద రెండంతస్తుల ఎత్తు బోర్డులో పట్టుచీర కట్టుకుని నవ్వే ముఖం. సికింద్రాబాద్ పిల్ల. పేరు సోఫియా.

మెడ నలుపు ఎక్కడ ఆగిందో, ముఖం తెలుపు ఎక్కడ మొదలైందో చూద్దామంటే మధ్యలో గీత లేదు, నీడ లేదు. పుట్టుకతోనే అట్లా పుట్టినట్టుంది. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లో మాత్రం షూటింగు రోజు పట్టిన గొంతు వినపడుతోంది. అది జెర్లిన్ గొంతే. "నువ్వు అడగకముందే సరే అన్నాను. నీకే వినపడలేదు."

ఆమె హెడ్‌ఫోను లాగి పడేసింది.

"ఆపన్నా! ఇదేంది?"

బొమ్మ ఆగింది. పెంటయ్య అద్దం గదిలోంచి బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"పొద్దుగాల వామన్‌రావు సార్ మనిషి తెచ్చిచ్చిండమ్మా. నీ సీనే అనుకొని ఏసి సూసిన. సూసి బీరిపోయిన. నీకు ఎరికే ఉంటదనుకున్న."

"నాకెట్ల ఎరుకన్నా? నన్ను తీసేసిన్రా?"

జవాబు చెప్పాల్సిన మనిషి అప్పుడే లోపలికి వచ్చాడు.

వామన్‌రావు ఛానల్‌లో పండుగ కార్యక్రమాలన్నీ చూసుకునే పెద్ద. మనిషి పొట్టి, రంగు చామనఛాయ కంటే ఒక పాలు నలుపే. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా. వస్తూనే తెర మీద ఆగి ఉన్న బొమ్మను చూసి చప్పట్లు కొట్టాడు.

"అరె షబాష్! సోఫియాతోని రేపు తియ్యాలె అనుకున్నది ఇయ్యాల్నే అయిపాయె. ఆనంద్ పాల్ నా మీద లేచిండు గాని, ఆఖరికి తోవకొచ్చిండు. కంప్యూటర్ల చేపిచ్చినట్టుంది. మెడ, చేతులు మాత్రం గట్లనే ఉంచిండు, అవి కూడా సరిచేపిద్దాం."

"సార్." జెర్లిన్ గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "నా ముఖం ఏం చేసిన్రు?"

వామన్‌రావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోప్పడలేదు. అదే ఆమెకు ఇంకా మంటగా అనిపించింది.

"జెర్లిన్, కూసో. నేను నీతోని అబద్ధం ఆడ. ఈ సినిమాకు పైసలు పెట్టేది ముఖానికి రాసుకునే పౌడరు కంపెనీ. వాళ్లు నీ సీన్లు సూసిన్రు. యాక్టింగు బాగుందన్నరు, అయినా నువ్వు వద్దన్నరు. పండుగ పూట ఇంట్ల కూసుని సూసేటోళ్లకు కన్నుల పండుగ కావాలె అన్నరు. నేనేం జేయాలె చెప్పు."

"నా ఇంట్ల కూసునేటోళ్లు సూడరా సార్? మా సంఘమంతా సూస్తది. మాకు కన్నులు లేవా?"

"ఉన్నయ్. నాకు లేవా? నేను తెల్లగున్ననా?" వామన్‌రావు తన చేతిని ముందుకు చాపి చూపించాడు. "ఇరవై ఏండ్లప్పుడు వేషాలేద్దామని నేను కూడా వచ్చిన. దొంగ వేషం, బంట్రోతు వేషం, గంతే. ఒకనాడు అర్థమైంది, తెర ముందర మనకు జాగ లేదు అని. తెర ఎనకకు వచ్చిన, బతికిన. నువ్వు కూడా ఎనకనే బాగ బతుకుతున్నవ్. గొంతు ఇయ్యి. పేరు పెద్దగ ఏపిస్త."

"ఆ పిల్లకు నేను గొంతు ఇయ్య సార్."

"ఏందీ?"

"చేతులు నావి. జడ నాది. మా అమ్మ చీర నాది. గొంతు కూడా నాదే అయితే, ఆమె ఏం చేసినట్టు? ఇయ్య. ఇంకొకల్లను పిలిపిచ్చుకోన్రి."

ఇన్నేళ్లలో ఆమె అట్లా మాట్లాడటం పెంటయ్య ఎన్నడూ వినలేదు. వామన్‌రావు నోరు తెరిచేలోపు తలుపులు రెండూ ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. ఆనంద్ పాల్ వగరుస్తూ వచ్చాడు. బషీర్‌బాగ్ ఎడిటింగ్ రూము నుంచి స్కూటరు మీద వచ్చినట్టున్నాడు, జుట్టంతా రేగి ఉంది.

"పెంటయ్యా, ఫోన్లో ఏందేందో అన్నవ్, నాకేం సమజ్ కాలే..." అంటూ తెర వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

"అన్నా, నువ్వు కూడానా?" అంది జెర్లిన్. అంతసేపు ఆపుకున్న ఏడుపు ఆ ఒక్క మాటలో బయటపడింది.

ఆనంద్ పాల్ ఆమె మాట విన్నట్టు లేదు. తెర దగ్గరికి వెళ్లి ముఖం పెట్టి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. తర్వాత వామన్‌రావు వైపు తిరిగాడు.

"ఇది ఎవరు చేసిన్రు?"

"నువ్వే కదా!"

"నేనా? సోఫియాతోని మళ్ల తియ్యమని మీరు చెప్పిన్రు. తియ్య అన్న. ఇంటికి పోయిన. టేపు ముట్టుకోలే. నిన్నటిదాంక ఈ సీనుల జెర్లిన్ ఉన్నది. నా కండ్లతోని సూసి, నా చేతులతోని డబ్బాల పెట్టిన."

"మరి కంప్యూటర్ల..."

"సార్, మన కాడ ఉన్న కంప్యూటరుకు పేర్లు ఏసుడు కూడా కష్టమే. బోర్డు మీది ఫోటో అతికిచ్చిన్రు అనుకుందాం. ఫోటో నవ్వుతది, మాట్లాడదు. ఈ ముఖం సూడున్రి, మాట నడుమ నోరు తెరిచి ఉంది."

వామన్‌రావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆనంద్ పాల్ అద్దం గదిలోకి వెళ్లి ఎడిటర్ వెంకటేశ్‌కు ఫోను చేశాడు. మాటలు వినపడలేదు. అద్దం వెనక అతని ముఖం మాత్రం కొద్దికొద్దిగా పాలిపోవడం జెర్లిన్ చూసింది. బయటికి వచ్చి చెప్పాడు.

"తక్కిన సినిమా అంతా సక్కగనే ఉందట. అన్నిట్ల జెర్లినే. ఈ మెట్ల సీను ఒక్కటే ఇట్ల ఉంది. అసలు టేపుల కూడా ఇట్లనే ఉందట. ఎవ్వరు రాలే, ఎవ్వరు ముట్టలే అంటున్నడు వెంకటేశ్."

ఆ గదిలో నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా ఉండదు. చెవుల్లో ఒత్తిడిలా ఉంటుంది. అందుకే తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడుకు నలుగురూ ఉలిక్కిపడ్డారు.

"మే ఐ కమిన్?"

సోఫియా వచ్చింది.

బోర్డు మీద కనపడేంత పెద్దది కాదు. జెర్లిన్ భుజం దాకా వచ్చే సన్నటి పిల్ల. పంజాబీ డ్రెస్సు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందరి చూపులూ తన మీదే ఉండటంతో బెదిరింది.

"సారీ సార్, లేటయ్యింది. ప్యారడైజ్ కాడ బస్సు దొరకలే. రేపటి షూటింగుకు డైలాగులు ఇస్తానన్నరు కదా..." మాట మధ్యలోనే ఆమె చూపు తెర మీద పడింది. మొదట నవ్వింది. "అరే, నేను! ఇదెప్పటి ఫోటో?" నవ్వు మెల్లగా చల్లారింది. "ఇది... నేను ఈ చీర ఎన్నడూ కట్టలే. ఇంత జడ నాకు లేదు. పోయిన నెలనే కట్ చేయించుకున్న." చెవుల కిందికి కత్తిరించిన జుట్టును పట్టుకుని చూపించింది. "ఈ మెట్లు ఏడియి?"

"నాంపల్లి బంగళావి," అన్నాడు ఆనంద్ పాల్. "నువ్వు అక్కడికి ఎప్పుడన్నా పోయినవా?"

"నాంపల్లి స్టేషను దిక్కు పోయిన గాని, ఏ బంగళాకు పోలే. మా డాడీ ప్రామిస్."

ఆమె అబద్ధం ఆడటం లేదు. అది అందరికీ తెలిసిపోయింది. తెలిశాక గది ఇంకా చల్లగా అయింది.

"పెంటన్నా," అంది జెర్లిన్ ఉన్నట్టుండి. "టేపు మళ్ల ఏస్తవా? గొంతు బంద్ చేసి బొమ్మ ఒక్కటే."

"ఎందుకమ్మా?"

"ఇందాక ఒకటి అనిపిచ్చింది. చెవిల నా మాట పోతుంటే పట్టలేకపోయిన."

ఏళ్లుగా ఇతరుల పెదవులను చూసి బతికిన మనిషి ఆమె. పెదవి ఎప్పుడు కలుస్తుంది, ఎప్పుడు గుండ్రమవుతుంది, ఎప్పుడు పళ్ల కింద పడుతుంది, అదే ఆమెకు అన్నం పెట్టిన విద్య. తెర మీద బొమ్మ కదిలింది. పాదాలు, చేతులు, జడ, తెల్లటి ముఖం. ముఖం ఎదురుగా చూసింది. కొవ్వొత్తి వెలుగులో పెదవులు కదిలాయి.

ఆ పెదవులు "నువ్వు అడగకముందే" అనడం లేదు.

మొదట పెదవులు గుండ్రమయ్యాయి. కింది పెదవి పళ్లకు తగిలింది. నోరు తెరుచుకుంది. ఒక పేరు. తర్వాత పెదవులు సాగి, ముడుచుకున్నాయి. ఆ తర్వాత ఒకసారి కలిసి విడివడ్డాయి. చివర నోరు బాగా తెరుచుకుని, మళ్లీ సున్నాలా ముడుచుకుంది.

"ఇంకొకసారి," అంది.

పెంటయ్య మళ్లీ వేశాడు. జెర్లిన్ అక్షరం మీద అక్షరం పేర్చుకుంది. మాట పూర్తయ్యేసరికి తెర మీంచి చూపు తిప్పి సోఫియా వైపు చూసింది.

"ఏమంటుంది?" అన్నాడు ఆనంద్ పాల్.

జెర్లిన్ పలకలేదు. ఎందుకు పలకలేదో ఆమెకు బాగా తెలుసు. ఆ మాట ఈ గదిలో తనకొక్కతికే అర్థమైంది. తాను నోరు మూసుకుంటే చాలు. రేపు ఈ తెల్ల పిల్ల నాంపల్లికి పోతుంది, ఆ మెట్లెక్కుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో, దానికి తాను బాధ్యురాలు కాదు. తాను ఎవరినీ తోయలేదు, ఎవరినీ తిట్టలేదు. తన వేషం తీసుకున్నదాని కోసం తానెందుకు నోరు తెరవాలి?

సోఫియా ఆమె పక్కకు వచ్చి నిలబడింది. చేయి పట్టుకుంది. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అక్కా, మీరు జెర్లిన్ కదా? ఈ వేషం మీదేనని నాకు చెప్పలే. నిజంగా చెప్పలే. రేపు రమ్మన్నరు, వచ్చిన." గొంతు తగ్గించింది. "ఎక్కడికి పోయినా నన్ను నిలబడమంటరు, నవ్వమంటరు. మాట్లాడతా అంటే, నీ గొంతు బాగుండదు, ఎవరితోనన్నా చెప్పిస్తం అంటరు. ముఖం తప్ప నన్నెవ్వరు ఏం అడగలే అక్కా. నాకు భయమైతుంది. తెర మీద ఆమె నన్నే సూస్తుంది."

జెర్లిన్ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తెర మీది ముఖం అదే. కానీ ఇక్కడ పైపెదవి మీద చెమట ఉంది, కంటి కింద పౌడరు అద్దని చోట చిన్న మొటిమ ఉంది. ప్యారడైజ్ దగ్గర బస్సు కోసం నిలబడి వచ్చిన ముఖం.

చేయి విడిపించుకుని మైకు దగ్గరికి నడిచింది.

"పెంటన్నా, రికార్డు చెయ్యి."

"నువ్వు ఇయ్య అంటివి కదా..." అన్నాడు వామన్‌రావు.

"సోఫియాకు ఇస్తలేను సార్. తెర మీద ఉన్న గామెకు ఇస్తున్న."

ఎర్ర దీపం వెలిగింది. తెర మీద పాదాలు కనపడ్డాయి. జెర్లిన్ ఊపిరి బిగబట్టి, పెదవులు విడివడే క్షణం కోసం చూసి, ఆ ముఖం ఎట్లా చెబుతోందో అట్లాగే, తొందర లేకుండా, కోపం లేకుండా చెప్పింది.

"సోఫియా... రేపు ఆ మెట్ల కాడికి రాకు."

బొమ్మ ఆగింది. పెంటయ్య దాన్ని వెనక్కి తిప్పి, గొంతుతో కలిపి వేశాడు. ముఖం పలికింది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ మాట ఆ నోటి నుంచే వచ్చినట్టు వినపడింది. సాధారణంగా మొదటిసారికి ఒక అక్షరమైనా ముందో వెనకో పడుతుంది. పెంటయ్య అద్దం వెనక నుంచి, మైకులో అన్నాడు.

"కుదిరిందమ్మా. పొల్లు పోలే."

సోఫియా చేతిలో ఫైలు కింద పడింది. వంగి తీసుకోలేదు. "సార్, నేను చెయ్య. నాకు రేపు వద్దు, ఎల్లుండి వద్దు," అంటూ తలుపు వైపు పరుగెత్తింది. మొదటి తలుపు తోసి ఆగింది. వెనక్కి తిరిగి జెర్లిన్‌ను చూసింది. తల ఒకసారి ఊపి వెళ్లిపోయింది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్న ఆ ఒక్క క్షణం కింది నుంచి హలీం దంచే చప్పుడు లోపలికి వచ్చి, మళ్లీ తెగిపోయింది.

వామన్‌రావు భయపడ్డాడు, కానీ భయం కంటే పెద్దది ఇంకొకటి ఆయన నెత్తిన ఉంది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆ సినిమా పడాలి. పేపర్లలో ప్రకటనలు కూడా వచ్చేశాయి.

"ఆనంద్ పాల్," అన్నాడు చివరికి. "తక్కిన సినిమా అంతా జెర్లినే ఉంది అంటివి కదా?"

"ఔ సార్."

"ఈ ఒక్క సీను మళ్ల తీస్తే సినిమా అయిపోతది కదా?"

"అయిపోతది. కాని ఆ మెట్ల మీద..."

"మెట్లు మారిస్తే ఇల్లు మారిపోతది, ముందటి సీన్లతోని కలవది. నువ్వే చెప్పినవ్." వామన్‌రావు లేచి జెర్లిన్ ముందుకు వచ్చాడు. చూపు కలపలేకపోయాడు. "పౌడరు కంపెనీతోని నేను మాట్లాడుకుంట. టైము లేదు అంట, కొత్త పిల్ల దొరకలే అంట, ఏదో ఒకటి అంట. నీ వేషం నీకే, జెర్లిన్. రేపు పొద్దుగాల నాంపల్లికి రా. మీ అమ్మ చీర తెచ్చుకో."

జెర్లిన్‌కు కావాలనుకున్నది దొరికింది. పాస్టరుగారి హాల్లో కింద చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు, మధ్యలో మేరమ్మ, తెర మీద తన నల్లటి ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు మెదిలాయి.

"వస్త సార్," అంది.

"వద్దు," అన్నాడు ఆనంద్ పాల్. "జెర్లిన్, జర ఆలోచించు. అది రావద్దన్నది."

"నన్ను అనలే అన్నా. సోఫియాను అన్నది. పేరు పెట్టి అన్నది. తొలుత ఆ మెట్ల మీద నిలబడ్డది నేనే కదా. నాకేమన్నా అయ్యిందా?"

ధైర్యంగానే అంది. మెడ మీద తగిలిన చల్లటి ఊపిరి మాట ఇప్పుడు కూడా చెప్పలేదు.

వామన్‌రావు వెళ్లిపోయాడు. ఆనంద్ పాల్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పెంటయ్య యంత్రాలు ఆపబోతుంటే జెర్లిన్ చేయి ఎత్తింది.

"ఒక్కసారి, అన్నా. ఆఖరుసారి. ఆమె ముఖం సూసి పోత."

"వద్దమ్మా. ఇయ్యాలకు చాలు."

"ఒక్కసారి."

పెంటయ్య దండం పెట్టుకుని టేపు వేశాడు. మెట్లు వచ్చాయి. పాదాలు వచ్చాయి. మీగడరంగు కుచ్చిళ్లు, మచ్చ ఉన్న మణికట్టు, కొవ్వొత్తి. భుజం మీద జడ. నల్లటి మెడ. కెమెరా పైకి వెళ్లింది.

మెడ పైన ముఖం కూడా నల్లగానే ఉంది.

అది జెర్లిన్ ముఖం. వెడల్పాటి నుదురు, తల్లి పోలిక ముక్కు. తాను ఆ రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆనంద్ పాల్ కళ్లు తెరిచి, "దేవుని స్తోత్రం!" అని అరిచాడు. "వచ్చింది! జెర్లిన్, నీ సీను నీకొచ్చింది! మళ్ల తియ్యనక్కర్లే, ఎవ్వరు ఆ ఇంటికి పోనక్కర్లే!"

జెర్లిన్ సంతోషించలేదు. అతని మాట ఆమెకు వినపడనే లేదు. తెర మీది జెర్లిన్ మెట్ల కింద నిలబడ్డ హీరో వైపు చూడటం లేదు. నేరుగా మైకు దగ్గర నిలబడ్డ జెర్లిన్ వైపు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

ముందు పేరు. జె, ర్లి, న్. నాలుక అంచు పళ్లకు తగలడం కూడా కనపడింది. ఆ తర్వాత 'రేపు'. పెదవులు సాగి, ముడుచుకున్నాయి. ఆ తర్వాత 'మెట్ల'. పెదవులు కలిసి విడివడ్డాయి. అన్నీ ఇందాకటి మాటలే. చివరి మాట కోసం నోరు బాగా తెరుచుకుంది.

జెర్లిన్ ఎదురుచూసింది. ఇప్పుడు ఆ పెదవులు సున్నాలా ముడుచుకోవాలి. ముడుచుకుంటేనే 'రాకు' అవుతుంది.

ముడుచుకోలేదు.

తెరిచిన నోరు తెరిచినట్టే, మెల్లగా నవ్వులోకి విచ్చుకుంది.

"ఏమంటుందమ్మా?" అన్నాడు పెంటయ్య అద్దం వెనక నుంచి.

ఎన్ని ముఖాలకో గొంతు ఇచ్చిన జెర్లిన్‌కు, తన ముఖం పలికిన ఆ ఒక్క అక్షరానికి గొంతు రాలేదు.

'రా.'